ఇంజను ఆపితే వినిపించే ఊపిరి

చిలికాలో డాల్ఫిన్‌ను దగ్గరగా చూడాలన్న మన తొందర నీళ్లకింద ఏం చేస్తోంది?

"మరి ఎగురుతాయా?"

ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డునున్న సాతపడ రేవులో, పక్క పడవలో లైఫ్ జాకెట్ తాళ్లు బిగించుకుంటున్నావిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది. శ్రీకాకుళం నుంచి రెండు కార్లలో వచ్చిన కుటుంబం. నలుగురు పిల్లలు, ఒక తాతగారు, ఒళ్లో పులిహోర డబ్బా. ఇంజను దగ్గర వంగి ఉన్న మా పడవ నడిపే పెద్దాయన తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"ఎగరవమ్మా. ఇవి ఎగిరే రకం కాదు. నడ్డి సూపిత్తాయి, ములిగిపోతాయి."

ఆవిడ ముఖం చిన్నబోయింది. పెద్దాయన తెలుగు మన ఉత్తరాంధ్ర తీరపు తెలుగే. పూరీ నుంచి గంజాం దాకా ఉన్న తీరంలో నోలియాలని పిలిచే తెలుగు మత్స్యకారులు తరాలుగా ఉంటున్నారు. చిలికా మీద బతికేవాళ్లలో వాళ్లూ ఉన్నారు. మన వైపు జనం వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్నకు ఆ జవాబే చెప్పి చెప్పి ఆయనకు విసుగు పుట్టినట్టుంది. సినిమాల్లో, ప్రకటనల్లో మనం చూసే డాల్ఫిన్ వేరు. అది పడవ ముందు పరుగులు తీస్తుంది, గాల్లోకి లేచి మలుపు తిరుగుతుంది. చిలికాది అలాంటిది కాదు. సిగ్గరి. గుండ్రటి తల, ముందుకు పొడుచుకొచ్చే మూతి ఉండదు, వీపు మీద చిన్న రెక్క. పడవ కనబడితే దగ్గరకు రాదు, పక్కకు తప్పుకుంటుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం చిలికా సముద్రంతో కలిసే పొడవాటి పాయలోకి మా పడవ దిగింది. పావుగంట గడిచేసరికి ఎవరో "అదిగో!" అన్నారు. నూరు గజాల దూరంలో నీళ్ల మీద నున్నటి బూడిదరంగు బండలాంటిది లేచి, జారి, మునిగింది. మహా అయితే రెండు సెకన్లు. ఫోను తీసేలోపు ఏమీ లేదు. చుట్టూ ఉన్న పడవలన్నీ మూతి అటు తిప్పాయి. మాది కాక అయిదు. ఆరు ఇంజన్లు ఒక్కసారే గొంతు పెంచాయి. మరోచోట వీపు కనబడితే మళ్లీ ఆరూ అటే. ఒక పడవలో కుర్రాళ్లు ఈలలు వేస్తున్నారు. "ఇంకొంచెం దగ్గరకి పోనీ అన్నా, ఫొటో రాలేదు" అని మా పడవలోంచీ ఎవరో అన్నారు. ఆ "ఎవరో" నా స్నేహితుడే. నేనూ వద్దనలేదు.

అప్పుడు చెప్పులు విప్పి అరికాలు పడవ అడుగుచెక్కకు ఆనించాను. ఇంజను అదురు మడమలోంచి ఎక్కి మోకాలి చిప్ప దాకా వచ్చింది. చెయ్యి పక్కచెక్క మీద పెడితే వేళ్లు జివ్వుమన్నాయి. గాల్లో మా చెవిన పడుతున్నది ఆ చప్పుడులో ఒక పాలు మాత్రమే. మిగతాది చెక్కలోంచి, ఇరుసులోంచి, ప్రొపెల్లర్ రెక్కల్లోంచి నేరుగా నీళ్లలోకి దిగుతోంది. ఆ నీళ్లలో, మాకు పదిగజాల్లోనో ఇరవై గజాల్లోనో, చెవే కన్నుగా బతికే ప్రాణి ఒకటి ఉంది.

విశాఖ రేవు నుంచి లండన్ దాకా

దీన్ని లోకమంతా ఇరవాడి డాల్ఫిన్ అంటుంది. చిలికా జాలర్ల నోట దాని పేరు ఖేరా. కానీ శాస్త్రం పుస్తకంలోకి ఇది ఎక్కింది మన విశాఖపట్నం నుంచి. 1852లో విశాఖ రేవులో ఈ జంతువు ఒకటి దొరికింది. అప్పుడు ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్న వాల్టర్ ఇలియట్‌కు జంతువులన్నా పాతరాళ్లన్నా సమానమైన మక్కువ. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి, ఆ సున్నపురాతి శిల్పాలను మద్రాసుకు తరలించింది ఆయనే. అవే తర్వాత లండన్ చేరాయి. ఆయన సేకరణలోంచే ఈ డాల్ఫిన్ కూడా రిచర్డ్ ఓవెన్ బల్ల మీదికి చేరింది. 'డైనోసార్' అన్న మాటను పుట్టించిన ఓవెనే. 1866లో ఆయన దీన్ని కొత్త జాతిగా వర్ణించి 'బ్రెవిరోస్ట్రిస్' అని పేరుపెట్టాడు. పొట్టి మూతిది అని అర్థం. తర్వాత బర్మాలోని ఇరవాడి నదిలోనూ ఇది కనబడింది. ఆ నది పేరే దీనికి స్థిరపడిపోయింది. అమరావతి శిల్పాలు ఎక్కడున్నాయని మనం వందేళ్లకు పైగా అడుగుతూనే ఉన్నాం. విశాఖ రేవులో దొరికిన ఈ ప్రాణి గురించి మాత్రం విశాఖలోనే అడిగేవాళ్లు తక్కువ.

చిలికాలో ఇవి ఎన్ని ఉన్నాయి? ఇటీవలి సంవత్సరాల లెక్కలన్నీ నూటయాభైకి కాస్త అటూ ఇటూగానే తేలుతున్నాయి. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటి పరుచుకునే ఉప్పుటేరులో, ఒక పెళ్లి భోజనాల పంక్తిలో పట్టేటన్ని. అవైనా సరస్సంతా సమంగా తిరగవు. చాలావరకు సముద్రముఖం వైపు ఉండే ఈ పాయలో, ఇది పెద్ద సరస్సులో కలిసే మగరముఖ దగ్గర కూడుకుని ఉంటాయి. చేపలు సముద్రంలోంచి సరస్సులోకీ, సరస్సులోంచి సముద్రంలోకీ రాకపోకలు సాగించే దారి అది. సాతపడ పర్యాటక పడవల దారి కూడా అదే.

ఈతకు ఒక్క పిల్ల. కడుపులో సుమారు 14 నెలలు మోస్తుంది. ఆ తర్వాత చాన్నాళ్లు పిల్ల తల్లి పక్కటెముకలకు అంటుకున్నట్టే ఈదుతుంది. ఇంత నిదానంగా పెరిగే జాతిలో ఏడాదికి రెండు మూడు చావులు ఎక్కువైనా లెక్క తలకిందులవుతుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2017లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. మన వన్యప్రాణి చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులో ఉంది. పులి కనబడితే జీపు ఆపి ఊపిరి బిగబట్టి చూస్తాం. దీన్ని ఆరు పడవలతో తరుముతాం.

నీళ్లలో చప్పుడు సంగతి

గాలిలో చప్పుడు సెకనుకు 340 మీటర్లు పోతుంది. నీళ్లలో దాదాపు 1,500 మీటర్లు. చెరువులో మునిగి రెండు రాళ్లు కొట్టించుకుని విన్న పిల్లలందరికీ తెలుసు, ఆ శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో మనం చెప్పలేం. డాల్ఫిన్ చెప్పగలదు. దాని కింది దవడలోని కొవ్వు చప్పుడును పట్టి లోపలి చెవికి చేరవేస్తుంది. అది 'టిక్ టిక్'మని శబ్దం వదిలి, చేపకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనితో ఆ చేప ఎక్కడుందో, ఎటు కదులుతోందో పోల్చుకుంటుంది. సుందర్‌బన్స్‌లో ఇరవాడి డాల్ఫిన్ల ఈ శబ్దాలను రికార్డు చేస్తే అవి సుమారు 95 కిలోహెర్ట్జ్ దగ్గర ఉన్నాయి. మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి బయటపడింది. సముద్రంలో ఇంతే పరిమాణమున్న డాల్ఫిన్ల కంటే ఇవి చాలా మెల్లగా టిక్కుమంటాయి. లోతు తక్కువ నీళ్లలో గట్టిగా అరిస్తే అడుగు నుంచీ పైనుంచీ ప్రతిధ్వనులు ముసురుకుంటాయి. అందుకే గొంతు తగ్గించి, దగ్గరి మేరనే వెతుక్కుంటాయి. గుసగుసలతో బతికే ఇల్లన్నమాట. ఆ ఇంట్లోకి మనం డీజిల్ ఇంజను తోసుకెళుతున్నాం.

ఇంజను దడదడ కంటే ప్రొపెల్లర్ చేసే చప్పుడు వీటికి ఎక్కువ చేటు. రెక్క వేగంగా తిరిగినప్పుడు దాని వెనక నీటి ఒత్తిడి పడిపోయి సన్నటి బుడగలు పుడతాయి. పుట్టిన మరుక్షణమే చితికిపోతాయి. చితికిన ప్రతి బుడగా ఒక 'టప్'. సెకనుకు వేలకు వేలు. మనకు అది నురగ. డాల్ఫిన్ వినే ఎత్తు స్వరాల్లో అది ఎడతెగని చిటపట, పెనం మీద వాన పడ్డట్టు. వేగం తగ్గిస్తే బుడగలు తగ్గుతాయి, చప్పుడూ తగ్గుతుంది. ఇందులో పెద్ద యంత్రశాస్త్రమేమీ లేదు.

ఆస్ట్రేలియా పశ్చిమతీరంలో, తక్కువ లోతున్న ఒక అఖాతంలో ఫ్రాంట్స్ జెన్సన్ బృందం లెక్క కట్టి 2009లో ప్రచురించింది. అయిదు నాట్ల వేగంతో, అంటే గంటకు తొమ్మిది కిలోమీటర్లతో, ఒక్క చిన్న పడవ 50 మీటర్ల లోపు నుంచి పోతే చాలు. బాటిల్‌నోస్ డాల్ఫిన్లు ఒకదాని కూత మరొకటి వినగలిగే దూరం 26 శాతం తగ్గిపోతుంది. పావువంతే కదా అనిపిస్తుంది. కానీ కూత అన్నివైపులా పోతుంది. దూరం పావువంతు తగ్గితే, ఆ కూత చేరే వైశాల్యంలో దాదాపు సగం పోయినట్టే. అదీ ఒక్క పడవకు, అదీ నెమ్మదిగా పోతే. ఆ మధ్యాహ్నం మావి ఆరు.

మనిషి సంతలో ఏం చేస్తాడు? గొంతు పెంచుతాడు. అవీ అంతే. 2023 జనవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన పెర్నిలే సోరెన్సెన్ ప్రచురించిన ప్రయోగం నాకు పదే పదే గుర్తొస్తుంది. ఫ్లోరిడాలో మనుషుల దగ్గర పెరుగుతున్న డెల్టా, రీస్ అనే రెండు డాల్ఫిన్లకు ఒక పని నేర్పారు. చెరొక మీట. రెండూ ఒక సెకను తేడాలోపే నొక్కాలి. ఒకదానికొకటి కూత వేసుకుని కుదుర్చుకునేవి. నీళ్లలో చప్పుడు పెంచుతూ పోయారు. అవి కూతను సాగదీశాయి, గట్టిగా వేశాయి, ఒకదాని వైపు ఒకటి ఒళ్లు తిప్పుకున్నాయి. అంత చేసినా, నిశ్శబ్దంలో 85 శాతం కుదిరిన పని బాగా చప్పుడైనప్పుడు 62.5 శాతానికి పడిపోయింది. చెవిటివారి మధ్య సంసారంలా అవి ఆ మీటల దగ్గర పడ్డ పాట్లు తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. వాటికి అక్కడ పోయేది చేతికి అందే చేపముక్క. చిలికాలో తల్లికీ పిల్లకీ మధ్య పోయేది వేరు.

కనబడని నష్టం

పడవ వచ్చిందని డాల్ఫిన్ చచ్చిపోదు. అందుకే "అవి బాగానే ఉన్నాయి కదండీ, రోజూ కనిపిస్తూనే ఉన్నాయి" అన్న మాట రేవులో తేలిగ్గా వినబడుతుంది. నిజమే, కనిపిస్తాయి. అవి ఆ పూట ఏం మానుకున్నాయో మనకు కనబడదు.

స్కాట్లండులోని మోరే ఫర్త్‌లో పరిశోధకులు నీళ్లలో మైకులు పెట్టి, డాల్ఫిన్ చేపను పట్టబోయే ముందు చేసే గబగబ టిక్కులను లెక్కించారు. పడవ దగ్గరలో ఉన్నప్పుడు ఆ వేట దాదాపు సగానికి పడిపోయింది. చప్పుడు ఒక్కటే కాదు, పడవ అక్కడ ఉండటమే అడ్డంకి అని కూడా వారికి తోచింది. న్యూజిలాండు దక్షిణాన ఫియోర్డుల్లో డేవిడ్ లూసో పడవల మధ్య డాల్ఫిన్లను ఏళ్ల తరబడి గమనించాడు. పడవ వస్తే అన్నిటికన్నా ముందు ఆగిపోయేవి విశ్రాంతి, తమలో తాము కలిసి మెలిసి ఉండటం. ఒక పడవ పోయాక మరో పడవ రావడానికి మధ్య 68 నిమిషాలు దాటితే ఆ నష్టం బాగా తగ్గుతుందని ఆయన తేల్చాడు. అరవై ఎనిమిది నిమిషాలు! ఆదివారం సాతపడలో ఆరు నిమిషాల ఎడం కూడా నాకు కనబడలేదు.

షార్క్ బే కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని ఆ అఖాతంలో ఏళ్లుగా ఒక్కో డాల్ఫిన్‌నూ వీపురెక్క గాట్లతో గుర్తుపట్టి లెక్కలు రాస్తున్నారు. డాల్ఫిన్లను చూపించే సంస్థలు ఒకటి నుంచి రెండయ్యాక, పడవలు తిరిగే మేరలో డాల్ఫిన్ల సంఖ్య సగటున 14.9 శాతం తగ్గిందని లార్స్ బైడర్ బృందం 2006లో చూపించింది. ఏడింటికొకటి. పెద్ద ఓడలు కాదు, చమురు బావులు కాదు. ప్రేమతో చూడవచ్చిన మనుషుల పడవలు. అక్కడి ప్రభుత్వం దాన్ని పట్టించుకుంది. రెండు అనుమతుల్లో ఒకదాన్ని తీసేసింది. అక్కడ వేలల్లో డాల్ఫిన్లున్నాయి, కొన్ని పక్కకు జరిగినా జాతి నిలుస్తుంది. చిలికాలో ఉన్న నూటయాభై ఎటు జరుగుతాయి? సరస్సు లోపలివైపు కలుపు, రొయ్యల కోసం కట్టిన వలల దడులు. బయట అలల సముద్రం, దాని నిండా వలలు.

వలల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. చిలికా డాల్ఫిన్లకు ప్రాణాంతకం ముందు వలలే. చిక్కుకుంటే ఊపిరికి పైకి రాలేక చనిపోతాయి. ప్రొపెల్లర్ దెబ్బ తిన్న కళేబరాలు కూడా ఒడ్డుకు వస్తుంటాయి. పడవ చప్పుడు ఈ రెంటికీ వెలుపల ఉన్న మూడోది అనుకుంటే పొరపాటు. చప్పుడుతో చెవి నిండిపోయిన డాల్ఫిన్‌కు వల ఎలా తెలియాలి, వెనకనుంచి వచ్చే రెక్క ఎలా తెలియాలి? ఇది నా ఊహే. కాని చీకట్లో దీపం లాక్కుంటే మనిషి గోతిలో పడతాడనడానికి పెద్ద ఊహ అక్కర్లేదు.

రేవులో బతుకులు

ఇదంతా చదివి పడవవాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. ఇరవై ముప్పై ఏళ్ల కిందట చిలికా చచ్చిపోతున్న సరస్సు. పాత ముఖం పూడిపోయి, ఉప్పు తగ్గి, కలుపు అల్లుకుని, చేప కరువైంది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ పట్టికలో 1993లో దాని పేరు చేరింది. 2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి ప్రాధికార సంస్థ ఇసుకదిబ్బను కోసి కొత్త ముఖం తెరిచింది. ఉప్పు వచ్చింది, చేప వచ్చింది, 2002లో ఆ పట్టికలోంచి పేరు తీసేశారు. జనమూ వచ్చారు. చేప దొరకని రోజుల్లో అప్పులపాలైన ఇళ్లకు పర్యాటకుడు అన్నం పెట్టాడు. మా పెద్దాయన కూడా వల మడిచి పెట్టి పదిహేనేళ్లయిందట.

"మా నాయిన కాలంలో ఇవి ఏట సేసీ కాడికే మేం వలేసీవోళ్లం. సేపని వల మీదకి తోలీవి" అన్నాడాయన. ఇది ముసలివాళ్ల కబురు కాదు. చిలికాలో డాల్ఫిన్లకూ జాలర్లకూ మధ్య ఉన్న ఈ పొత్తును కొరాలీ డిలీమా అనే పరిశోధకురాలు, తోటివారితో కలిసి అధ్యయనం చేసి 2013లో ప్రచురించింది. ఇరవాడి డాల్ఫిన్ నోట్లో నీళ్లు పట్టి చిమ్మి చేపల్ని ఒకచోటికి తోలుతుంది కూడా. అలాంటి ప్రాణిని తరమమని ఆయనకు సరస్సు చెప్పలేదు, ప్రభుత్వం చెప్పలేదు. మేం చెప్పాం. డబ్బిచ్చాం, డాల్ఫిన్ కనబడాలి. ఒకటి కాదు, నాలుగు కనబడాలి. దగ్గరగా కనబడాలి. లేకపోతే రేవుకొచ్చాక గొడవ.

"ఒకళ్లు డబ్బు సగమే ఇత్తామన్నారు బాబూ. సేప కనిపించనేదని." డాల్ఫిన్‌ను ఆయన సేప అనే అన్నాడు. "ఇంజను ఆపితే కూడా ఊరుకోరు. పెట్రోలు మిగుల్చుకుంటన్నావా అంటారు. ఇది డీజిలు."

పడవను నెమ్మదిగా, డాల్ఫిన్లకు పక్కవాటంగా నడపాలి. ఎదురెళ్లకూడదు, గుంపును చీల్చకూడదు. పిల్ల కనబడితే అసలు పోకూడదు. కాస్త దూరాన ఇంజను ఆపి కూర్చోవాలి. ఇవన్నీ చిలికా పడవవాళ్లకు తెలియనివి కావు, శిక్షణలు ఇచ్చారు, బోర్డులూ ఉన్నాయి. అవి పాటించే పడవకు గిరాకీ తగ్గకుండా చూడటమే ఇక్కడి అసలు పని. ఒక సమయంలో పాయలోకి ఇన్నే పడవలని తేల్చడం, మధ్యాహ్నం కొన్ని గంటలు పాయను ఖాళీగా వదలడం, ఆ గంటలకు పడవవాడు నష్టపోకుండా టిక్కెట్టులోనే చూడటం. లూసో చెప్పిన 68 నిమిషాలు ఇక్కడ ఎంతకు సరిపోతాయో చిలికా నీళ్లలోనే మైకు పెట్టి తేల్చాలి. దానికి ఆగకుండా రేపటి నుంచే వేగం తగ్గించవచ్చు.

మన తీరానికీ ఈ లెక్క వర్తిస్తుంది. ఆంధ్ర తీరం వెంబడి హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు ఒడ్డుకు దగ్గరగానే తిరుగుతాయి. రుషికొండలో స్పీడ్‌బోటు ఎక్కేవాళ్లకు అవి కనబడకపోవచ్చు, స్పీడ్‌బోటు మాత్రం వాటికి వినబడుతుంది.

మర్నాడు పొద్దున్న

సోమవారం ఆరింటికల్లా మళ్లీ ఆ పెద్దాయన పడవే ఎక్కాను, ఒక్కణ్ణే. "కనబడకపోయినా మొత్తం డబ్బు ఇస్తాను, ఇంజను ఆపి ఉంచండి" అన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, పాయలోకి మెల్లగా తీసుకెళ్లి, ఇంజను ఆపి, గెడ కర్ర అడుగున గుచ్చి పడవను నిలబెట్టాడు. మంచు ఇంకా విడలేదు. నీళ్లు పడవ చెక్కకు తగిలి చిన్నగా నాలుక చప్పరించినట్టు శబ్దం. ఎక్కడో గువ్వ. నేను నీళ్ల కేసే చూస్తున్నాను.

వెనకనుంచి వినబడింది. "ఫుఫ్." బరువు దించుకున్న మనిషి వదిలే నిట్టూర్పులాంటిది. తిరిగేసరికి లేదు. పెద్దాయన నవ్వాడు. "సూడకండి, ఇనండి."

కళ్లు మూసుకున్నాను. ఎడమవైపు ఒక ఫుఫ్. దాని వెంటే ఇంకొకటి, సన్నగా, తొందరగా. పిల్లది. తల్లి ఊపిరీ పిల్ల ఊపిరీ జంటగా పడవకు కుడిపక్కకు వచ్చాయి. కళ్లు తెరిస్తే రెండు వీపులు, ఒకటి పళ్లెమంత, ఒకటి గిన్నెంత, పదడుగుల్లో. నీటిమీద మంచులోకి లేచిన రెండు ఆవిరి చుక్కలు. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. మునిగి మళ్లీ తేలడానికి ఇరవై రెండు సెకన్లు. తర్వాత పద్దెనిమిది. తర్వాత ఇరవై అయిదు. మాకోసం కాదు, మమ్మల్ని తప్పించుకోవడానికీ కాదు, వాటి పనిలో అవి. అలా పది పదిహేను నిమిషాలు.

ఏడు దాటాక రేవువైపు నుంచి మొదటి పడవ బయల్దేరింది. కనబడక ముందే నా అరికాలికి తెలిసింది, చెక్కలో సన్నటి అదురు. పెద్దాయన గెడ పట్టుకుని అటు చూశాడు. తల్లీపిల్లా అప్పుడే మునిగాయి. నేను లెక్క మొదలుపెట్టాను. ఇరవై. ముప్పై. ఇంజను దగ్గరపడింది, పడవలో ఎవరో చెయ్యి ఊపారు. యాభై. డెబ్బై. ఆ పడవ మమ్మల్ని దాటి, నురగ గీసుకుంటూ పోయింది. నూట పది. పెద్దాయన పెదవి విప్పలేదు. నూట యాభై దగ్గర, చాలా దూరంలో, ఒక్క వీపు లేచింది. పెద్దది. దాని పక్కన చిన్నది లేస్తుందేమోనని నేను అటే చూస్తూ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.